బుధవారం అమ్మలు

భాగ్యలక్ష్మి కడుపుమంటకు కారణం ఒక అరటిపండు. వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ, సంగతి పూర్తిగా విన్న ఏ తల్లీ నవ్వదు.

ఆ బుధవారం చీరల పని తొందరగా తెమిలింది. చీరలకు మెరుపురాళ్ళు అతికించడం ఆమె పని. సూరత్‌లో, బమ్రోలి పేటలో వాళ్ళుండే గల్లీలో ఆడవాళ్ళందరికీ అదే పని. మూట కట్టి సేటు మనిషికి అప్పగించి, కూతుర్ని తెచ్చుకుందామని గంట ముందే బడికి బయలుదేరింది. ఎవరో ట్రస్టు వాళ్ళు నడిపే బడి అది. కింది అంతస్తులో చివరి గది, మాటా బుద్ధీ నడకా వెనకబడిన పిల్లలది. కిటికీలోంచి తొంగిచూస్తే ఎనిమిదేళ్ళ సింధూజ చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా కోమలి అనే ఆవిడ. ఆవిడ కొడుకు కూడా అదే తరగతి. ఆవిడ చేతిలో అరటిపండు.

సింధూజ ఆవిడ మొహంలోకి చూసింది. పెదవులు కూడదీసుకుంది. మెడ నరాలు బిగిశాయి.

"ఆంటీ... పండు," అంది.

భాగ్యలక్ష్మి కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళు! ఎక్కని డాక్టరు మెట్టు లేదు, కట్టని ముడుపు లేదు. ఒక్కసారి నా బిడ్డతో అమ్మా అనిపించు తండ్రీ అని వేములవాడ పోయి రాజన్నకు కోడెను కట్టి వచ్చింది. అంత చేస్తే, ఆ బిడ్డ నోరు తెరిచి పిలిచింది ఎవరిని? హజీరా ఫ్యాక్టరీలో ఇంజినీరు పెళ్ళాన్ని! కలవారి పేట అడాజన్ నుంచి కారులో వచ్చి దిగే మనిషిని! మొక్కులు ఒకరివీ, పిలుపు ఇంకొకరిదీనా?

కోమలి పండు ఒలిచి ఇచ్చి, సింధూజ తల నిమిరింది. ఆ నిమరడం చూస్తే భాగ్యలక్ష్మికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

సోమలింగం పని నుంచి వచ్చాక, అన్నం పెడుతూ విషయం చెప్పింది. బట్టలు నేసే సాంచెల మధ్య బతికే మనిషి గనక అతని గొంతు మామూలుగానే పెద్దది. ఆ మాట వినగానే గల్లీ చివరిదాకా వినబడేట్టు అరిచాడు.

"మాట్లాడిందా? నా బిడ్డ మాట్లాడిందా? ఏమన్నదే?"

"పండు అన్నది."

"ఓరి నా తల్లే!"

సగం తిన్న కంచం వదిలేసి బయటికి పరుగెత్తాడు. పేడాల మిఠాయి డబ్బా తెచ్చి ఇంటింటికీ పంచాడు. తిరిగి వచ్చి చూస్తే, భార్య ముందు పెట్టిన పేడా పెట్టినట్టే ఉంది.

"తినవేందే?"

"గామెతోని అన్నదయ్యా. నాతోని గాదు."

"ఎవ్వలతోనైతేంది? నోరైతే లేసింది గదా!"

"నీకేం తెలుస్తది? కన్నది నువ్వా?"

అతను ఆమె పేడా కూడా తనే నోట్లో వేసుకున్నాడు.

అలాగని సింధూజ ఇంట్లో ఏమీ చెప్పని పిల్ల కాదు. ఎంత చెప్పాలో అంతా చేతులతో చెప్పేది. సాంచెలు నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. ఆ ఖాతాలో పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినబడదు. కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్ళు, పొట్ట నిమిరితే సేటు వస్తున్నాడని. భాగ్యలక్ష్మి తండ్రిదీ అదే పని, మొగుడిదీ అదే పని. పిల్లకు మాట రాలేదని తేలినప్పుడు డాక్టర్ల చుట్టూ, గుళ్ళ చుట్టూ తిరుగుతూనే ఆ ఇంట్లో ఒక దారి వెతుక్కున్నారు. ఖాతా సైగలే నేర్పారు, కొన్ని సొంతంగా కల్పించారు. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ, అంటే భాగ్యలక్ష్మి ముక్కుపుడక అన్నమాట. చాలాసార్లు ఆ సైగల అవసరం కూడా రాదు. పిల్ల కుండ వైపు చూస్తే చాలు, గ్లాసు చేతిలో ఉంటుంది. "నా బిడ్డ కన్ను కదిలితే నాకు ఎర్కయితది," అని భాగ్యలక్ష్మి గల్లీలో ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిందో.

ఆ రాత్రి ఆమె ఒక అరటిపండు చేత పట్టుకుని కూతురి ముందు కూర్చుంది.

"పండు అనవే బిడ్డా. గామెతోని అన్నవు గదా. ఒక్కసారి అను."

సింధూజ పండు ఒలుస్తున్నట్టు వేళ్ళు ఆడించింది. ఇంకోసారి ఆడించింది. కింది పెదవి ముందుకు వచ్చింది. ఆ పెదవి చూశాక భాగ్యలక్ష్మి చేయి ఆగలేదు. పండు ఒలిచి, ముక్కలు చేసి, నోట్లో పెట్టింది. పెడుతున్నంతసేపూ కోమలిని తిడుతూనే ఉంది.

మర్నాడు టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. హేతల్‌బెన్ గుజరాతీ మనిషి, ప్రతి తల్లినీ బెన్, అంటే అక్కా అని పిలుస్తుంది, హిందీలో మాట్లాడుతుంది, ఎప్పుడూ గొంతు పెంచదు. బుధవారం ఇష్టమున్న తల్లులు తరగతికి వచ్చి పిల్లలకు సాయం చేయొచ్చని ఆవిడే ఎప్పుడో చెప్పింది. అప్పుడు భాగ్యలక్ష్మి మూతి తిప్పుకుని వచ్చింది. టీచర్లు ఉన్నది ఎందుకంట, పని లేనోళ్ళు పోతరు అంది. ఇప్పుడు తనే వెళ్ళి, బుధవారం నేనూ వస్తాను అంది.

"తప్పకుండా రండి. ఒక్కటే నియమం. ఎవరి బిడ్డ దగ్గర వాళ్ళు కూర్చోకూడదు," అంది హేతల్‌బెన్. "సింధూజకు తెలుగు తెలిసిన మనిషి కావాలి గనక కోమలిబెన్ దగ్గర పెట్టాను. మీరు ఆమె కొడుకు క్రాంతి దగ్గర కూర్చోండి."

ఇదేం పాడు నియమం అనుకుంది భాగ్యలక్ష్మి. కళ్ళ ముందు కన్నబిడ్డ, తాకకూడదట! అయినా తలూపింది. గదిలో ఉంటే చాలు, ఆ తర్వాత సంగతి తను చూసుకుంటుంది.

సోమలింగం మాత్రం గొణిగాడు. "నువ్వు వోతే అది బడెట్లయితదే? ఇల్లయితది."

"గామె వోతే బడి, నేను వోతే ఇల్లా?" అని ఆమె గయ్‌మంది. అతను తువ్వాలు భుజాన వేసుకుని ఖాతాకు వెళ్ళిపోయాడు.

బుధవారం భాగ్యలక్ష్మి ఉన్నవాటిలో మంచి చీర కట్టింది. కోమలి చాలా సాదా నూలు చీరలో వచ్చింది. చెప్పొద్దూ, దానికి కూడా భాగ్యలక్ష్మికి కోపం వచ్చింది. కలిగినవాళ్ళకు సాదాగా ఉండటం కూడా ఒక షోకు అనుకుంది.

"వచ్చారా! ఎంత బాగుందో మీరు రావడం," అని కోమలి నవ్వింది. "మా వాడు కాస్త నిదానమండీ. షూ తనే వేసుకుంటాడు, టిఫిను డబ్బా తనే తీసుకుంటాడు. ఆలస్యమైనా మీరేం చేయకండి, చూస్తూ ఉంటే చాలు."

"గట్లనే మేడం," అంది భాగ్యలక్ష్మి. 'నాకు చెప్పొచ్చింది' అని లోపల అనుకుంది.

తరగతి మొదలైంది. కాసేపటికి సింధూజ తల్లి వైపు చూసి బొటనవేలు పెదవికి ఆనించింది. కోమలి ముందుకు వంగి, "ఏం కావాలి సింధూ? చెప్పమ్మా," అంది. సింధూజ ఆవిడ వైపు చూడలేదు. గదికి ఆ మూల నుంచి భాగ్యలక్ష్మి అప్పటికే సీసా మూత తిప్పుతోంది. టీచరు అవతలి పిల్లాడితో ఉంది. నాలుగు అంగల్లో వచ్చి నీళ్ళు తాగించి, తన చోటికి వెళ్ళి కూర్చుంది. కోమలి మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. భాగ్యలక్ష్మికి ప్రాణం లేచి వచ్చింది. చూసినవా, ఎవ్వల బిడ్డనో! అని ఆవిడ మొహం మీదే అనాలనిపించింది గానీ, అనలేదు.

ఆ తర్వాతి బుధవారాల్లో సింధూజ నోట "ఆంటీ" అనే మాట లేదు. పండు లేదు, పాలు లేవు. అన్నీ వేళ్ళే, అవి కూడా గది దాటి తల్లికే. హేతల్‌బెన్ ఒకసారి పిలిచి, "మీరు దగ్గరికి రాకండి, సైగ చూసినా చూడనట్టు ఉండండి," అని మెల్లగా చెప్పింది. భాగ్యలక్ష్మి దగ్గరికి రావడం మానేసింది. కన్నుతో, కనుబొమతో, కూర్చున్న చోటి నుంచే కూతురితో మాట్లాడింది. వీళ్ళకేం తెలుస్తది, ఖాతా మనుషులం మేము అనుకుంది.

ఇక క్రాంతి సంగతి. పదేళ్ళ వాడు, బొద్దుగా ఉంటాడు, అన్నిటికీ నవ్వుతాడు. వాడు షూ వేసుకోవడం చూస్తే దేవుడికైనా ఓపిక పోతుంది. కాలు పెడతాడు, తీస్తాడు, షూ తిప్పుతాడు, లోపలికి తొంగిచూస్తాడు, మళ్ళీ కాలు పెడతాడు. మొదటి వారం భాగ్యలక్ష్మి ఊరుకుంది. రెండో వారం మడమ దగ్గర కొంచెం నెట్టింది. తర్వాత పూర్తిగా తనే తొడిగింది. డబ్బా తనే తీసింది, ముద్దలు కలిపి పెట్టింది. వాడి మూతి కొంగుతో తుడిచింది. పాపం అనిపించి చేసింది కొంత. కోమలి చూస్తుండగా చేస్తే బాగుందని చేసింది ఎక్కువ.

క్రాంతి కరిగిపోయాడు. ఆమె గుమ్మంలో కనబడితే చాలు, అమ్మను దాటుకుని పరుగెత్తుకొచ్చి ఒళ్ళో తల పెట్టేవాడు. ఆ క్షణంలో కోమలి మొహం చూడాలి! సింధూజ తల నిమిరే ఆ చేయి అక్కడే ఆగిపోయేది. భాగ్యలక్ష్మి కడుపు చల్లబడింది. నా బిడ్డను నువ్వు గుంజుకుంటే, నీ కొడుకును నేను గుంజుకుంట, చెల్లుకు చెల్లు అనుకుని ఇంటికి పోయి కడుపునిండా తినేది.

ఒక బుధవారం ఆమెకు ఆలస్యమైంది. రాళ్ళు ఊడుతున్నాయని సేటు మనిషి వచ్చి చీరలన్నీ తిరగేసి, నస పెట్టి పోయాడు. సింధూజను సోమలింగమే ముందుగా దింపి వచ్చాడు. భాగ్యలక్ష్మి ఉరుకులు పరుగుల మీద బడికి చేరేసరికి, పిల్లలను ఆటకు బయటికి తీసుకెళ్ళే వేళయింది. గుమ్మం దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

క్రాంతి నేల మీద కూర్చుని ఒక కాలు ముందుకు చాపి ఉన్నాడు. ఆ కాలి షూ పక్కనే ఉంది. కోమలి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వే వేసుకునేవాడివి కదా నాన్నా. పట్టుకో. మర్చిపోయావా? చూడు, ఇలా పట్టుకునేవాడివి..."

వాడు షూ వైపు చూడనైనా చూడలేదు. కాలు ఇంకా చాపాడు. ఎవరో వచ్చి తొడగాలి, తొడిగే మనిషి రావాలి, అంతే. కోమలి వాడి చేతిలో షూ పెట్టింది. వాడు వదిలేశాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వదిలేశాడు. ఆవిడ చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే క్రాంతి గుమ్మం వైపు చూశాడు. మొహం వెలిగిపోయింది. ఒక కాలికి షూతో, ఇంకో కాలికి లేకుండా వచ్చి, భాగ్యలక్ష్మి కూర్చోగానే ఒళ్ళో కాలు పెట్టాడు.

కోమలి లేచింది.

"వీడికి ఆ షూ నేర్పడానికి నాకు ఏడాది పట్టిందండీ. ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. వాడు నన్ను కొట్టాడు కూడా. అయినా తొడగలేదు. తల్లివేనా అని మా అత్తగారు అన్నారు. మీరొచ్చి రెండు నెలల్లో..." ఊపిరి తీసుకుంది. "మీ మీద కోపం లేదు అంటే అబద్ధం. వాడు నన్ను దాటుకుని మీ ఒళ్ళోకి వస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. వాడికి పని నేర్పి నేను చెడ్డదాన్నయ్యాను. మీరేమో బంగారుతల్లి అయ్యారు."

ఇంకో రోజైతే ఆ మాటలు భాగ్యలక్ష్మికి పేడాల కన్నా తియ్యగా ఉండేవి. ఈ రోజు తీపి తగల్లేదు, అయినా నోరు ఊరుకోలేదు.

"నీకేమమ్మా! మంట నాకుండాలె. నా బిడ్డ కన్నతల్లిని ఇడిసి నీతోని మాట్లాడింది. ఏం మందు పెట్టినవో!"

"మందా?" కోమలి నవ్వలేక నవ్వింది. "మీ పాప సైగలు నాకు ఒక్కటీ తెలియదండీ. అది వేళ్ళు ఆడిస్తే తెల్లమొహం వేసుకుని చూసేదాన్ని. నీళ్ళు అడిగితే పలక ఇచ్చేదాన్ని. ఈ మొద్దు మనిషికి ఇక నోటితో చెప్పాల్సిందేనని పాపం అదే నోరు తెరిచింది. అంతే. మీరు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. మానేసింది."

భాగ్యలక్ష్మి ఒళ్ళో ఉన్న కాలు వైపు చూసింది. నున్నగా, బరువుగా, ఏ తొందరా లేకుండా ఉంది ఆ కాలు. తల ఎత్తితే, అవతల చాప మీద సింధూజ. బొటనవేలు పెదవికి ఆనించి, తల్లి వైపే చూస్తోంది. అదే నిశ్చింత. అదే నమ్మకం. క్రాంతి కాలు చాపినట్టే తన బిడ్డ వేలు చాపుతోంది. వాడిని ఈ రెండు నెలల్లో ఎలా చేసిందో, దాన్ని ఎనిమిదేళ్ళుగా అలాగే చేసింది. వాడికి పగతో చేసింది, దానికి ప్రేమతో చేసింది. చేసింది మాత్రం ఒక్కటే.

తనేనా? మొక్కులు మొక్కింది తనే, నోటికి అడ్డం కూర్చున్నదీ తనేనా?

హేతల్‌బెన్ దూరం నుంచి అంతా చూస్తూనే ఉంది. దగ్గరికి వచ్చి, "బెన్, రావద్దని నేను అనను. ఉండాలో వెళ్ళాలో మీ ఇష్టం. ఉంటే మాత్రం ఎలా ఉండాలో మీకు తెలిసింది కదా," అంది.

వెళ్ళిపోవడం తేలిక. గుమ్మం దాటి రిక్షా ఎక్కితే అయిపోయె. కానీ ఇంటికి వెళ్ళినా ఆ వేలు ఇంటికీ వస్తుంది, సాయంత్రమే వస్తుంది. ఇవాళ ఇక్కడ చేయలేనిది అక్కడ ఎలా చేస్తుంది? భాగ్యలక్ష్మి క్రాంతి కాలు ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది. షూ వాడి ముందుకు జరిపింది. తర్వాత కూతురి వైపు వీపు పెట్టి కూర్చుంది.

వీపు వెనక ఏం జరుగుతోందో చూడకుండానే తెలుసు ఆమెకు. ఇప్పుడు వేలు ఇంకోసారి పెట్టి ఉంటుంది. ఇప్పుడు కింది పెదవి ముందుకు వచ్చి ఉంటుంది. ధన్‌మని శబ్దం. మడమతో నేలను తన్నింది. ఆ వెంటనే ఏడుపు. ఆ ఏడుపుకు ఆమె ఒళ్ళంతా లేచి వెళ్ళబోయింది. రెండు చేతులతో చాప అంచు గట్టిగా పట్టుకుంది. ఎదురుగా క్రాంతి కూడా మొహం చిన్నబుచ్చుకుని కాలు చాపాడు. "నువ్వే ఏసుకో కొడుకా," అంది, తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నాకు రాదురా. నాకేం తెల్వదు."

గదికి ఆ వైపు వెళ్ళి కోమలి కూడా కొడుకును చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది. పరుగెత్తి వచ్చి ఆ షూ తొడగాలని ఆవిడ కాళ్ళూ పీకుతూనే ఉంటాయి.

ఏడుపు ఆగింది. చిన్న అడుగులు తల్లి వెనక దాకా వచ్చి, ఆగి, తిరిగి అటు వెళ్ళాయి. కోమలి చీర కుచ్చిళ్ళు లాగిన చప్పుడు.

"ఏం కావాలి సింధూ?" అంది కోమలి.

జవాబుగా పిల్ల ముక్కు పక్కన వేలు పెట్టి ఉంటుందనీ, ఈవిడకు అది అర్థమై ఉండదనీ భాగ్యలక్ష్మికి తెలుసు. నేనే, అది అడుగుతున్నది నన్నే అని చెప్పేయాలని నాలుక దాకా వచ్చింది. పళ్ళ కింద అదిమి పట్టింది.

"ఆంటీ..." అంది సింధూజ. వెక్కుతోంది, కోపంగా ఉంది. "అమ్మ... అమ్మ సూస్తలే."

ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. తనను పిలవలేదు. తన మీద చాడీ చెప్పింది, అదీ పరాయి ఆడదానికి!

కడుపు భగ్గుమంది. అబద్ధం ఎందుకు, మొదటి రోజు అరటిపండు దగ్గర మండినదాని కన్నా ఎక్కువగా మండింది. కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారి చీర మీది మెరుపురాళ్ళ మీద పడ్డాయి. ఒక్కసారి తిరిగి రెండు చేతులూ చాపితే చాలు, పిల్ల వచ్చి ఒళ్ళో పడుతుంది. వేలు మళ్ళీ ముక్కు పక్కకు పోతుంది. మాట మళ్ళీ లోపలికి పోతుంది.

"అమ్మ చూడటం లేదా?" అంది కోమలి. "అయితే గట్టిగా చెప్పు, ఏం కావాలో."

"నీళ్ళు!" అని అరిచింది సింధూజ. ఖాతాలో పుట్టిన గొంతు కదా, గది దద్దరిల్లింది. "అమ్మ సూస్తలే! నీళ్ళు!"

క్రాంతి ఆ అరుపుకు ఉలిక్కిపడి, ఏం చేయాలో తోచక షూ చేతిలోకి తీసుకున్నాడు. లోపలికి తొంగిచూశాడు. భాగ్యలక్ష్మి వాడి చేతుల వైపే చూస్తూ, వీపు తిప్పకుండా, బిడ్డ అమ్మ అనే ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని అలాగే కూర్చుంది.